పదిహేనొందల పెట్టె

"అంతా కలిపి ఎంత అడుగుతున్నావు పెద్దమ్మా?"

"నాకేటి తెలుస్తాది బాబూ! పదిహేనొందలు ఇచ్చీ. పట్టుకుపో."

పోర్ట్ బ్లెయిర్, జంగ్లీఘాట్. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా అక్కడి తెలుగువాళ్ల నోట్లో ఇంకా పాత పేరే. రెండు గదుల ఇంట్లో రేకు ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. విశాఖపట్నం ఓడకు టికెట్టు తీసుకుని, నలభై ఏళ్ల కాపురాన్ని సంచుల్లో కుక్కుతోంది ఆ పెద్దావిడ. భర్త సోంపేట వైపు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రి. ఆయన పోయాక గాజువాకలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరింది. పెట్టె ముందు గొంతుక్కూర్చున్న కుర్రాడు విజయనగరం జిల్లావాడు, ఫర్నిచర్ పని చేస్తాడు. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. ఆనవాళ్లు మార్చి, మాటలు కథనానికి తగ్గట్టు కూర్చాం.

పెట్టెలో మామూలు సామానే. రెండు బాడిసలు, పిడి అరిగిన రంపం, మూలమట్టం, చేతి బర్మా, గోనెగుడ్డలో చుట్టిన ఉలులు. కుర్రాడి చెయ్యి అడుగున ఇంకో మూటకు తగిలింది. విప్పాడు.

చిత్రిక అంటే మనకు తెలిసింది కర్ర దిమ్మె, దాని మధ్యలో వాలుగా దిగిన బ్లేడు. ఇది అది కాదు. ఉక్కు పలకల అంచులు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరికించి చేసిన పెట్టె, లోపల నల్లగా మెరిసే రోజ్‌వుడ్. బ్లేడును అదిమిపట్టే ఇత్తడి రంగు బిళ్ల మీద రెండు మాటలు చెక్కి ఉన్నాయి: నోరిస్, లండన్. బ్లేడు లోతునీ వాలునీ ఒకే మరతో సరిచేసే ఏర్పాటుకు ఆ కంపెనీ 1913లో పేటెంటు తీసుకుంది. ఇంగ్లండులో ఇలాంటిది మంచి స్థితిలో ఉంటే వందల పౌండ్లు పలుకుతుంది. ఫోనులో ఇలాంటివి గంటల తరబడి చూసిన కుర్రాడు ఒక్క చూపులో గుర్తుపట్టాడు. మళ్లీ గుడ్డలో చుట్టి, మూడు ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పెట్టె ఆటో ఎక్కింది.

ఇంత మంచి పనిముట్టు ఈ దీవిలో ఏం చేస్తోందని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఛాథమ్ రంపపు మిల్లు 1883లో మొదలైంది. 1942 మార్చి 10న జపాన్ విమానాలు దాని మీద బాంబులు వేశాయి, ఆ గుంట ఇప్పటికీ సందర్శకులకు చూపిస్తారు. అడవి పని కోసం 1925 నుంచి బర్మా దేశపు కరెన్ తెగవాళ్లను తెచ్చి మాయాబందర్ వైపు స్థిరపరిచారు. ఈ చిత్రిక కూడా ఒక కరెన్ మేస్త్రి దగ్గర కొన్నదేనని పెద్దావిడ చెబుతుంది. పైగా అండమాన్ పడాక్ మొండి చెక్క. పీచు ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరిగి ఉంటుంది. తేలిక చిత్రిక పెడితే పెళ్లలు లేస్తాయి. బరువుండి, నోరు సన్నగా ఉన్నదే దాన్ని నునుపు చేయగలదు.

తర్వాత 2002 మే 7న సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. అడవుల్లో నరకడం స్థానికుల అవసరాల మేరకే, కలప ప్రధాన భూభాగానికి వెళ్లకూడదు. అడవికి అది మేలే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ప్లైవుడ్ కంపెనీలు మూతపడి, ఉలి పట్టిన చేతులు కూలికి పోయాయి. పెట్టెలు మంచాల కిందికి చేరాయి. ఇప్పుడు చవగ్గా బయటికొస్తున్నవి అవే.

సాయంత్రం కుర్రాడు పని నేర్పిన మేస్త్రికి చిత్రిక చూపించాడు.

"ఎంతకి తెచ్చావు?"

"అడిగినంతా ఇచ్చాను. బేరం కూడా ఆడలేదు."

"ఎందుకాడతావు!"

అంతే. మేస్త్రి ఇంకేమీ అనలేదు.

చట్టాన్ని అడిగితే కుర్రాడిదే గెలుపు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ప్రకారం, చెప్పి తీరాల్సిన బాధ్యత ఉంటే తప్ప ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. 25వ సెక్షనులో వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మిన ఉదాహరణ ఉంది. ఇష్టపడి ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లుతుంది. అయితే 17వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చూడండి. ధర మారిందని తెలిసినవాడు అవతలివాడికి చెప్పనక్కర్లేదట. అందులో ఇద్దరూ వర్తకులు! పాత సామాను దుకాణదారుకి సరుకు విలువ తెలుసుకోవడమే వృత్తి. అతని అజ్ఞానం కొనేవాడి అదృష్టం, దానికి నేను తప్పు పట్టను. మొగుడి పనిముట్లు ఓడ బరువని వదిలించుకునే మనిషి వర్తకురాలు కాదు. ఆమె దగ్గర అది బేరం అనిపించుకోదు.

మర్నాడు కుర్రాడు మళ్లీ జంగ్లీఘాట్ వెళ్లి ఉన్నమాట చెప్పాడు. పెద్దావిడ నమ్మలేదు. "ఆ తుప్పుముక్కకా!" అంది. ఫోనులో కొడుకు మాత్రం ఒకటే అడిగాడు: "నిన్న ఎందుకు చెప్పలేదు?" కుర్రాడి దగ్గర జవాబు లేదు. చివరికి చిత్రిక వెనక్కి వెళ్లింది, మిగతా పెట్టె అదే పదిహేనొందలకు అతనిదైంది. బాధపడ్డాడా అంటే పడ్డాడు. "నోరు మూసుకుంటే నాదే అయ్యేది" అని ఇప్పటికీ గొణుగుతాడు. ఆ గొణుగుడు ఉంది కాబట్టే నాకతని మీద గౌరవం.

ఇంకో చిక్కు మిగిలింది. ఉలులలో ఒకదాని మెడ మీద బాణం గుర్తు ఉంది. అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. సర్కారు వేలంలో బయటికొచ్చిందో, 1942 గందరగోళంలో ఎవరి చేతికైనా చిక్కిందో చెప్పేవాళ్లు లేరు. ఎనభై ఏళ్లనాటి ఆ ఉలికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం. కానీ నంబరు గీకేసిన కరెంటు చిత్రికను చీకటిపడ్డాక పావు ధరకు ఇస్తానన్నవాడి సంగతి వేరు. 1930 వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను ప్రకారం, అమ్మేవాడికి లేని హక్కు మామూలుగా కొన్నవాడికి రాదు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు. అవతల మరో వడ్రంగికి మర్నాటి కూలి పోతుంది.

మీ ఇంట్లో తాతదో నాన్నదో పెట్టె ఉంటే, పాత సామాన్ల బండికి వేసేముందు తుప్పు కాస్త రుద్ది ముద్రలు చదవండి, తెలిసిన మేస్త్రికి చూపించండి. కొనేవారైతే ఎక్కడిదని అడగండి, కాగితం ముక్క మీదైనా రాయించుకోండి. విలువ మీకే తెలిస్తే, డబ్బు చేతిలో పెట్టకముందే చెప్పండి.