ఇల్లంటుకోకముందే తవ్విన బావి

“ఇల్లంటుకున్నాక బావి తవ్వినట్లు” అనే సామెతను ముప్పయ్యేళ్ళకు పైగా తరగతి గదిలో వివరించినవాణ్ణి నేను. భర్తృహరి సైతం వైరాగ్యశతకంలో ఈ ఉపమానాన్నే వాడాడు. ముసలితనం మీదపడకముందే ఆత్మశ్రేయస్సుకు పూనుకోవాలని అక్కడి భావం. పిల్లలకు అర్థం చెప్పడం తేలికే: ఆలస్యం చేసేవాడు అవివేకి. కాని ఉద్యోగవిరమణ తరువాత తీరికగా చరిత్ర పుస్తకాలు తిరగవేస్తుంటే నాకొక సందేహం కలిగింది. ఇల్లంటుకోకముందే బావి తవ్వేవాణ్ణి లోకం ఏమంటుంది? సామెత ఆ సంగతి చెప్పదు. లోకం వాణ్ణి చూసి నవ్వుతుందని చరిత్ర చెబుతుంది.

అలా నవ్వులపాలైనవారి కథ ఒకటి ఇక్కడ చెప్పదలచాను. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్ నగరాన్ని మంటల నుండి కాపాడిన ఆక్జిలరీ ఫైర్ సర్వీస్, అనగా సహాయక అగ్నిమాపక దళం కథ అది. వీరు వృత్తిరీత్యా అగ్నిమాపకులు కారు, స్వచ్ఛందంగా వచ్చి చేరినవారు. ఛందస్సు అనగానే మా పండితులకు గణాలూ యతులూ గుర్తుకు వస్తాయి గాని, ‘ఛందం’ అంటే ఇచ్ఛ అనే అర్థం కూడా ఉంది. ఎవరూ నిర్బంధించకుండా తన ఇచ్ఛతో నిప్పుకు ఎదురు వెళ్ళేవాడే స్వచ్ఛంద సేవకుడు.

1937 ఏప్రిల్ 26న స్పెయిన్ దేశంలోని గెర్నికా పట్టణం బాంబుదాడిలో తగులబడింది. రాబోయే యుద్ధంలో నగరాల గతి ఏమిటో దానితో ఐరోపాకు తెలిసివచ్చింది. అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు వైమానిక దాడుల ముందుజాగ్రత్త చట్టం చేసింది. 1938లో సహాయక దళానికి పిలుపు వెలువడింది. అప్పటికి లండన్ నగర అగ్నిమాపక దళంలో ఉన్నవారు సుమారు 2,500 మంది మాత్రమే. పిలుపు విని వచ్చినవారు 20,000కు పైచిలుకు. గుమాస్తాలు, దుకాణదారులు, టాక్సీ నడిపేవారు, చిత్రకారులు, రచయితలు, గృహిణులు అందరూ అందులో ఉన్నారు. హెన్రీ గ్రీన్ అనే నవలాకారుడు 1938లోనే చేరాడు. ఆ అనుభవంతోనే 1943లో ‘కాట్’ అనే నవల ప్రకటించాడు.

వీరికిచ్చిన శిక్షణ 60 గంటలు. అది వినడానికి కొద్దిగానే ఉన్నా నేర్వవలసింది చాలా ఉంది. చాపలా చుట్టిన గుడ్డ గొట్టాన్ని ఒక్క విసురుతో నేలమీద పరచడం, రెండు గొట్టాల కొసలను చీకట్లో సైతం తడుముకోకుండా బిగించడం, నిచ్చెన మీద నుండి మనిషిని భుజాన వేసుకొని దిగడం, తాళ్ళ ముడులు, పంపు నడిపే విధానం అన్నీ నేర్పేవారు. నదిలో నుండి నీరు తోడాలంటే మొదట గొట్టంలోని గాలి తీసివేయాలి. మన డెల్టా పొలాల్లో ఆయిలింజను పంపుకు ముందుగా నీళ్ళు పోసి గాలి వెళ్ళగొట్టడం చూసినవారికి ఈ మర్మం ఇట్టే తెలుస్తుంది. నీరు జోరుగా చిమ్ముతున్నప్పుడు గొట్టం అంతే జోరుగా వెనక్కి తంతుంది. పట్టు జారితే ఆ ఇత్తడి మూతి తోక తొక్కిన పాములా కొట్టుకొని ఎముకలు విరుస్తుంది. అందుకే దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. పైకెగసే జ్వాలను చూసి మోసపోక, మంట మొదట్లో నీరు కొట్టాలన్నది మరొక పాఠం.

ఇన్ని నేర్పినా ఒక్కటి మాత్రం నేర్పలేకపోయారు. అది అసలైన అగ్నిప్రమాదం. చాలామంది దాన్ని కంటితో చూడకుండానే శిక్షణ ముగించారు.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఫైరింజన్లు చాలక, చక్రాల బండిమీద అమర్చిన పంపులను టాక్సీల వెనుక కట్టారు. అలా 2,000కు పైగా లండన్ టాక్సీలు అగ్నిమాపక శకటాలయ్యాయి. పిల్లలను పల్లెలకు తరలించగా ఖాళీ అయిన బడులను ఈ దళాలకు విడిదిగా ఇచ్చారు. చిన్నపిల్లల బల్లల నడుమ పెద్దవాళ్ళు మడతమంచాలు వేసుకొని పడుకొన్న దృశ్యం ఊహించుకొంటే, బడిపంతులునైన నాకు మనసులో ఏదో కలుక్కుమంటుంది.

సైరన్లు సిద్ధమయ్యాయి. ఇసుక బస్తాలు సిద్ధమయ్యాయి. బాంబులు మాత్రం రాలేదు. నెల గడిచింది, ఆరు నెలలు గడిచాయి. పూర్తికాలం పనిచేసే పురుషులకు వారానికి 3 పౌండ్లు, స్త్రీలకు 2 పౌండ్లు జీతం. ఇక జనానికి ఇవి కళ్ళల్లో పడ్డాయి. సైన్యంలో చేరకుండా తప్పించుకోవడానికే వీరు గొట్టాలు పట్టుకొన్నారనీ, పనిలేక కాలక్షేపం చేస్తూ ప్రజల సొమ్ము తింటున్నారనీ ఎగతాళి చేశారు. ఆ మాటలు పడలేక కొందరు వదలిపెట్టి నిజంగానే సైన్యంలో చేరిపోయారు. మిగిలినవారు ఖాళీ పెరట్లలో గొట్టాలు పరచి మళ్ళీ చుడుతూ ఉన్నారు.

1940 సెప్టెంబరు 7వ తేదీ శనివారం సాయంత్రం వందలాది జర్మన్ విమానాలు లండన్ మీదికి వచ్చాయి. థేమ్స్ నది ఒడ్డున రేవులన్నీ ఒక్కసారిగా అంటుకొన్నాయి. సర్రే రేవులో గుట్టలు గుట్టలుగా పేర్చిన కలప ఎకరాల కొద్దీ మండిపోయింది. ఒక గిడ్డంగిలో మిరియాలు కాలి, ఊపిరి పీలిస్తే గొంతులో కారం చిమ్మినట్లయింది. మరొకచోట రమ్ము పీపాలు పేలాయి. చక్కెర కరిగి నీటిమీద తేలుతూ మండింది. రబ్బరు పొగ కళ్ళు కనపడనివ్వలేదు. పెరట్లో నేర్చిన పాఠంలో ఇవేవీ లేవు. అయినా జీవితంలో మొట్టమొదటి మంటను ఆ రాత్రి చూసిన గుమాస్తాలు, దుకాణదారులు తెల్లవారేదాకా గొట్టం విడువలేదు. ఆ ఒక్క రాత్రి నగరంలో సుమారు 430 మంది మరణించారు. అది మొదలు వరుసగా 57 రాత్రులు దాడులు సాగాయి. తడిసిన దుస్తులు ఆరకముందే మళ్ళీ పిలుపు వచ్చేది.

స్త్రీలు టెలిఫోన్ల వద్దనే కూర్చోలేదు. సెప్టెంబరు 20 రాత్రి బెర్మాండ్సీ ప్రాంతంలో ఆరుచోట్ల పెద్ద మంటలు రేగుతున్నాయి. పంపులు ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు అందించాలి. జిలియన్ టానర్ అనే యువతి 150 గాలన్ల పెట్రోలు డబ్బాలతో నిండిన లారీని, పైనుండి బాంబులు పడుతుండగా, మూడు గంటలపాటు ఒక మంట నుండి మరొక మంటకు నడిపింది. ఆమెకు జార్జి పతకం లభించింది.

ఆ సంవత్సరం డిసెంబరు 29 రాత్రి మరింత ఘోరం. ఆదివారం కనుక కార్యాలయాలన్నీ తాళాలు వేసి ఉన్నాయి. థేమ్స్‌లో ఆటుపోటు బాగా వెనక్కి తీసి, నీటికీ గొట్టాలకూ మధ్య బురద మిగిలింది. నేలలోని నీటి గొట్టాలు బాంబులకు పగిలిపోయాయి. ప్రచురణకర్తల నెలవైన పేటర్నోస్టర్ రో వీధి కాలిపోయి సుమారు 50 లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. పక్కనే ఉన్న సెయింట్ పాల్ కెథడ్రల్ మాత్రం నిలిచింది. స్వచ్ఛంద కావలివారు దాని కప్పుమీద పడ్డ నిప్పుబాంబులను బకెట్ల నీళ్ళతో, చేతిపంపులతో చల్లార్చారు. ఆ రాత్రే షూ లేన్ అనే సందులో దళ సభ్యుడూ చిత్రకారుడూ అయిన లియొనార్డ్ రోసోమన్ తాను పట్టుకొన్న గొట్టాన్ని మరొకరి చేతికిచ్చి పక్కకు జరిగాడు. మరుక్షణమే అక్కడి గోడ కూలింది. ఆ దృశ్యాన్ని ఆయన తరువాత చిత్రంగా గీశాడు. గొట్టం చేతులు మారడంలో ఒక ప్రాణం నిలిచి ఒక ప్రాణం పోయింది.

అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. నిన్నటి సోమరులు నేటి వీరులయ్యారు. అయితే వ్యవస్థలో ఒక లోపం బయటపడింది. దేశంలో 1,600కు పైగా స్థానిక దళాలు ఉండగా, ఒక ఊరి గొట్టం మరొక ఊరి గొట్టానికి బిగిసేది కాదు. సాయానికి వచ్చినవారు నీళ్ళ పక్కనే నిస్సహాయంగా నిలబడవలసివచ్చేది. అందుకని 1941 ఆగస్టు 18న అన్నిటినీ కలిపి జాతీయ అగ్నిమాపక సేవగా చేశారు. యుద్ధకాలంలో ఒక్క లండన్‌లోనే 327 మంది అగ్నిమాపకులు ప్రాణాలర్పించారు. వారి స్మారకంగా సెయింట్ పాల్ ఎదుట కంచు విగ్రహం వెలసింది 1991లో. అంటే అర్ధశతాబ్దం తరువాత.

ఈ కథ నన్నెందుకు పట్టుకొందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా కృష్ణా డెల్టా పల్లెలో తాటాకు ఇళ్ళ రోజుల్లో నాకు వరుసకు బాబాయి ఒకాయన ఉండేవాడు. విశాఖపట్నం రేవులో పనిచేస్తూ, పౌరరక్షణ శిక్షణ పొందినవాడు. ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంటిముందు ఇసుక తట్టలు, నీళ్ళ కుండలు, కొక్కెం కట్టిన పొడవాటి దోటి పెట్టించేవాడు. పిల్లలం ఆయనకు ‘ఇసుక బాబాయి’ అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే.

1972 వేసవిలో ఒక మధ్యాహ్నం మా వీధి చివర గడ్డివాము అంటుకొంది. వడగాలికి నిప్పురవ్వలు ఒక కప్పు నుండి మరొక కప్పుకు ఎగిరాయి. జనం చెరువు నుండి బిందెలతో పరుగెడుతుంటే, బాబాయి మాత్రం దోటి తీసుకొని ఇంకా అంటుకోని మా పశువులపాక కప్పు లాగివేయసాగాడు. మా నాన్నగారు, “నీకేం పోయిందిరా, కప్పు నీది కాదుగా!” అని కేకలు వేశారు. ఆయన బదులు చెప్పలేదు. నేలకూలిన తాటాకును ఈడ్చివేసి ఇసుక చల్లించాడు. మంట ఆ ఖాళీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మా ఇల్లు, దానికి అవతలి వరుస దక్కాయి. నాన్నగారు ఆ మాటకు ఎన్నడూ క్షమాపణ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తోచేనాటికి బాబాయి లేడు.

2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి వంటపాకలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. ఆ వార్త చదివిన తరువాత నేను పనిచేస్తున్న బడిలో నెలకొకసారి గంట కొట్టి, పిల్లలను వరుసగా మైదానంలోకి నడిపించడం మొదలుపెట్టాను. ఇసుక బకెట్లు పెట్టించాను. తోటి ఉపాధ్యాయులు కొందరు, “పంతులుగారికి పాఠం చెప్పబుద్ధి కానప్పుడల్లా గంట మోగుతుంది” అని నవ్వుకొన్నారు. నాకు కోపం రాలేదు. ఆ నవ్వు ఎక్కడిదో నాకు తెలుసు.

నేను పదవీవిరమణ చేసేదాకా ఆ బడిలో ఏనాడూ నిప్పంటుకోలేదు. కనుక నా బకెట్లు పనికొచ్చేవో కావో ఎవరికీ తెలియదు. లండన్‌వారి శ్రమను లోకం గుర్తించడానికి నగరమే కాలవలసివచ్చింది. బాబాయిని మేము గుర్తించడానికి సగం వీధి కాలింది. నా మిత్రులు మాత్రం నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు ఎన్నటికీ అలాగే ఉండాలని కోరుకొంటాను.