జిల్లా పేరు సరే, మన వాగు పేరేంటి?



కుమురం భీం ఆసిఫాబాద్. మన జిల్లా పేరు ఎప్పుడైనా నిదానంగా చదివిన్రా? ఆసిఫాబాద్ పాత పేరు జనగాం. అసఫ్ జాహీల పేరు మీద ఆసిఫాబాద్ అయింది. ఆ నిజాం సర్కారు తూటాలకే 1940లో జోడేఘాట్‌ల భీం ఒరిగిండు. 2016లో కొత్త జిల్లా వచ్చినంక ఆ ఇద్దరి పేర్లూ ఒకే బోర్డు మీదికెక్కినయి!

సర్కారు మారితే పెద్ద పేర్లు మారుతయి. చిన్న పేర్లు నేలను పట్టుకొని ఉంటయి. బాబేఝరిలో ఝరి అంటే ఊట. మెస్రం వంశస్తులు నాగోబాకు గోదావరి జలం తెచ్చేది కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి. మడుగంటే ఏటిలో నీళ్లు లోతుగా నిలిచే చోటు. మన గోండిలో 'ఏర్' అంటే నీళ్లు, తెలుగులో ఏరంటే పారే వాగు. గూడేలకైతే చాలాచోట్ల పటేల్ పేరే పేరు.

ఇదంతా ఉత్త ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి అడవి కోసం గ్రామసభ దరఖాస్తు పెడితే, సరిహద్దు గుర్తులతో పటం జతచేయాలె. ఏ గుట్ట, ఏ వాగు, ఏ దేవర చోటు? పెద్దమనుషులు చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఫోన్ మ్యాపుల మా వాగుకు పేరే లేదు.

మా అవ్వకు మాత్రం ప్రతి మలుపు పేరూ ఎరుకే. మొన్న నోటుబుక్కు పట్టుకొని కూసుంటే పదకొండు పేర్లకే పొద్దుగూకింది. మిగిలినవి దండారికి పోయినప్పుడు రాసుకోవాలె.