దోర్నకల్ సంఘము: క్షమాపణయు సహవాసమును

పరదేశ ధనముపై ఆధారపడక, తమ కానుకలతోనే, తమవారినే సేవకులుగా పంపి సువార్తను ప్రకటింపవలెనను దృఢసంకల్పముతో తిరునెల్వేలి క్రైస్తవులు 1903 ఫిబ్రవరిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, నాటి నిజాము రాజ్యమున ఓరుగల్లు సీమయందలి దోర్నకల్‌ను తమ సేవాక్షేత్రముగా ఎన్నుకొనిరి. ఆ స్థాపకులలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో గురుపట్టము పొంది, తమిళసీమను విడిచి తానే ఇచ్చటికి వచ్చి, తెలుగు నేర్చి, పల్లెపల్లెకును తిరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలునందు అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పయ్యెను. మన దోర్నకల్ అధ్యక్ష మండలము నాటినుండియే లెక్కకు వచ్చుచున్నది.

అంతకు రెండేండ్లకు పూర్వము, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగమును ఇచ్చట స్మరింపక తప్పదు. పాశ్చాత్య మిషనరీల త్యాగమును మనసార కొనియాడిన పిదప, దానము చేయువాడును గ్రహించువాడునుగా మాత్రమే మిగిలియున్నంతకాలము సహవాసము సిద్ధింపదనియు, తమ ప్రజలు కోరునది స్నేహమనియు ఆయన నిర్భయముగా పలికెను. సభలో పలువురు నొచ్చుకొనిరి. ఐనను ఆ పలుకులో ద్వేషలేశమైనను లేదు. సత్యమును దాచి చేసికొను సమాధానము క్షమాపణ కాజాలదని ఎరిగినవాని పలుకది.

ఆ స్నేహమునే ఆయన దోర్నకల్ పల్లెలలో మాలలకును మాదిగలకును నడుమ నాటవలసి వచ్చెను. గ్రామపు పెద్దకులములచేత ఊరివెలుపల నిలుపబడిన ఈ ఉభయులును తమలో తాము కలిసి కుడువక, ఒకరి నీటినొకరు ముట్టక, తరతరములుగా వేరై బ్రతికిరి. బాప్తిస్మము పొందినంతమాత్రమున ఆ గోడ కూలలేదు. విశ్వాసమన నోటితో ఒప్పుకొను సిద్ధాంతమే ఐనచో అది ఒక దినమున నేర్వవచ్చును. పొరుగువాని ప్రక్కన మోకరిల్లి, వాడు త్రాగిన పాత్రనుండియే త్రాగుట నేర్చుటకు ఏండ్లు పట్టెను.

వెట్టిచాకిరిలోను, తీరని అప్పునకై జీతగాండ్రుగా తరములు గడపు భగేలా బంధములోను నలిగిన ఆ జనులకు, మత్తయి సువార్తలోని ఋణస్థుని ఉపమానము పండితులకంటె సులభముగా బోధపడియుండునని నాకు తోచును. పదివేల తలాంతుల అప్పు క్షమింపబడిన దాసుడు, తనకు నూరు దేనారములు బాకీపడిన తోటిదాసుని గొంతు పట్టుకొనెను. దేనారము ఒక దినపు కూలి. తలాంతు రమారమి ఆరువేల దినముల కూలి. అనగా ఆరు కోట్ల దినముల కూలికి సరియగు ఋణమునుండి విడుదల పొందినవాడు నూరు దినముల కూలిని విడువనొల్లడయ్యెను! అప్పనగా ఏమో దేహముతో అనుభవించిన కూలివానికి ఈ లెక్కలోని ఘోరము వివరించి చెప్పనక్కరలేదు. దేవుని క్షమను పొందితినని చెప్పుచు సోదరుని క్షమింపనివాడు ఏ విశ్వాసమును గూర్చి మాటలాడుచున్నాడో వాడే విచారించుకొనవలెను.

ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకములోని ప్రభుసంస్కార క్రమమునకు ముందు ఒక నియమమున్నది. ద్వేషము రాజ్యమేలుచున్న ఇరువురిని, వారు సమాధానపడువరకు, గురువు ప్రభువు బల్లయొద్దకు రానీయరాదు. ఒకడు హృదయపూర్వకముగా క్షమింపగోరినను రెండవవాడు మొండితనము విడువనిచో, క్షమించినవానిని చేర్చుకొని మొండివానిని నిలిపివేయవలెను. ఆ నియమములో ఎంత న్యాయము, ఎంత కారుణ్యము ఇమిడియున్నవో యోచింపుడు!

మాలమాదిగల జీవితములలో కలిగిన మార్పును కన్నులార చూచిన ఇతర కులములవారు క్రమముగా సంఘమున చేరుటకు వచ్చిరి. హైందవ ఆలయ స్తంభములును మహమ్మదీయ గుమ్మటములును కలిసిన రూపముతో 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కథీడ్రలు ఆ పేదల కానుకలకు సాక్షి.

అజరయ్యగారి దృష్టి తన మండలముతో ఆగలేదు. 1919 మేలో తరంగంబాడిలో వివిధ సంఘముల సేవకులను సమావేశపరచి, వారు ఐక్యమునకై చేసిన విజ్ఞప్తికి ఆయన ప్రధాన కారకుడయ్యెను. దాని ఫలమును ఆయన చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే పరమపదించెను. దేశవిభజన రక్తపాతము ఆరకమునుపే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యెను. బిషప్పుల హస్తనిక్షేపణము లేక అభిషేకము పొందిన గురువులను తిరిగి అభిషేకింపక యథాతథముగా స్వీకరించిరి. ఇరువదెనిమిదేండ్ల వాదోపవాదములలో మిక్కిలి కఠినమైన ముడి అదియే.

ఇట్టి వారసత్వముగల సంఘమున నేడు ఎన్నికలలో కులము పేర పక్షములు కట్టుటయు, సంఘపుటాస్తులకై సోదరులు సోదరులపై న్యాయస్థానములకెక్కుటయు చూచి నా మనస్సు తల్లడిల్లుచున్నది. కావున ఈ సంచికను చదువు పెద్దలారా, సోదరీమణులారా, మీలో ఎవరికైనను తోటి విశ్వాసిపై వ్యాజ్యమో వైరమో ఉన్నయెడల, రానున్న ప్రభుసంస్కార ఆదివారమునకు ముందే ఆతని గడపకు వెళ్లుడు. ఆతడు రానిచో మీరే వెళ్లుడు. ఆనాటి ఆరాధనలో మీ ఇరువురును ఒక్క వరుసలో మోకరిల్లవలెనని మిమ్ము వేడుకొనుచున్నాను.