సూరత్ టీ కప్పులో చరిత్ర ఎంత, కల్పన ఎంత?

టీ ప్రస్తావన వస్తే రెండు వాదనలు తప్పకుండా వినపడతాయి. టీ మనకు ఇంగ్లీషువాడు అంటించిన అలవాటు అన్నది ఒకటి. మసాలా చాయ్ మన ఋషుల నాటి ఆయుర్వేద పానీయం అన్నది రెండోది. మొదటిది అనేవారు దేశభక్తులు, రెండోది అనేవారు ఇంకా పెద్ద దేశభక్తులు. రెండింటికీ రుజువు అడగాల్సిందే. అడిగితే జవాబు చెప్పగల ఊరు సూరత్.

తపతి ఒడ్డున ఉన్న ఈ రేవు మొఘలుల కాలంలో పడమటి సముద్రానికి వాకిలి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613 నుంచి ఇక్కడ వర్తకస్థావరం నడిపింది. 1638లో మాండెల్‌స్లో అనే జర్మన్ యువకుడు పర్షియా మీదుగా ఇక్కడికి వచ్చాడు. అతనికి ఆతిథ్యం ఇచ్చినవాడు కంపెనీ ప్రెసిడెంట్ విలియం మెథ్‌వోల్డ్. మనకు పరాయివాడేం కాదు. అంతకు ముందు మచిలీపట్నంలో పనిచేసి, గోల్కొండ రాజ్యం గురించి ఒక వర్ణన రాసినవాడే.

మాండెల్‌స్లో కథనం ప్రకారం శుక్రవారం ప్రార్థన అయ్యాక మెథ్‌వోల్డ్, మరి ముగ్గురు వర్తకులు కలిసి కూచుని, ఇంగ్లండ్‌లో వదిలి వచ్చిన భార్యల పేరు మీద తాగేవారు. కొందరు ద్రాక్షసారా, కొందరు సారా-పన్నీరు-నిమ్మరసం-చక్కెర కలిపిన పంచ్. మిగతా రోజుల సమావేశాల్లో మాత్రం టీ ఒక్కటే. ఈ దేశస్తులూ డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ అందరూ దాన్ని తాగుతారనీ, కడుపు శుభ్రపడటానికి మందుగా పుచ్చుకుంటారనీ అతను రాశాడు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ తాను మొదటిసారి టీ తాగానని డైరీలో రాసుకున్నది 1660లో. అంటే ఇంగ్లీషువాడు మనకు టీ నేర్పడానికి ముందు సూరత్‌లో తానే నేర్చుకుంటున్నాడన్నమాట!

ఇక్కడే చప్పట్లు కొట్టేసి లేచిపోకూడదు. మాండెల్‌స్లో 1644లో చనిపోయాడు. అతని రాతల్ని మిత్రుడు ఒలియారియస్ సరిదిద్ది అచ్చు వేయించాడు. తర్వాత విక్‌ఫోర్ ఫ్రెంచిలోకి తెస్తూ తన వంతుగా చాలా విషయాలు చేర్చాడు. మనవాళ్లు తరచుగా ఉటంకించే 1662 నాటి ఇంగ్లీషు పుస్తకం ఆ ఫ్రెంచి నుంచి వచ్చినదే. కాబట్టి “ఇండియా అంతటా అందరూ తాగుతారు” అన్న ముక్కను అక్షరాలా నమ్మడం కష్టం. సూరత్ రేవు చూసిన ప్రయాణికుడు కరీంనగర్ రైతు ఇంట్లో ఏం తాగుతున్నారో ఎలా చెప్పగలడు? రేవులో టీ ఉంది, వర్తకులు తాగారు. అంతవరకే ఒప్పుకుందాం.

అంతవరకు ఒప్పుకోవడానికి రెండో సాక్షి ఉన్నాడు. జాన్ ఓవింగ్టన్ అనే పాదిరీ 1689లో ఇంగ్లండ్‌లో ఓడెక్కి, సూరత్‌లో రెండేళ్లకు పైగా ఉండి, 1696లో పుస్తకం వేశాడు. బనియాలు టీ, కాఫీ ధారాళంగా తాగుతారని అందులో రాశాడు. టీనీటిలో ఘాటైన మసాలా దినుసులు మరిగించి, పటికబెల్లమో, చక్కెరలో ఊరిన చిన్న నిమ్మకాయలో వేసుకుంటారట. తలనొప్పికి, కడుపులో మెలిపెట్టే నొప్పికి, మూత్రంలో రాళ్లకు అది మందట. గమనించారా, అతని జాబితాలో పాలు లేవు. మసాలా మాత్రం ఉంది. మిరియాల కషాయం, శొంఠి కషాయం కాచుకునే ఇళ్లలోకి కొత్త ఆకు వచ్చి చేరిందని నా ఊహ. ఊహ అని చెప్పే రాస్తున్నాను.

మరి ఋషుల సంగతి? ఆ ఆకు చైనా సరుకు. ఓవింగ్టన్ 1699లో టీ మీద విడిగా ఒక పుస్తకమే రాసి, బోహీ, సింగ్లో, బింగ్ అని మూడు రకాలు వర్ణించాడు. మూడూ చైనావే. అస్సాం అడవుల్లో టీ మొక్క ఉన్న మాట, అక్కడి సింగ్‌ఫోలు దాన్ని వాడిన మాట నిజమే. కానీ అస్సాం టీ లండన్ వేలానికి చేరింది 1839లో. పేర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. “టీ” అన్నది చైనా తీరంలోని మిన్ పలుకుబడి నుంచి డచ్చివాళ్ల ఓడల్లో వచ్చింది. “చాయ్” పర్షియా దారిన వచ్చింది. మన “తేనీరు”లో తేనె ఎక్కడా లేదు, ఉన్నది ఆ చైనా “తే”నే.

పాదిరీగారి వైద్యం ఏమైంది? రాళ్లకు మందన్న టీలో ఆక్సలేట్లు ఉంటాయి. రోజుకు 16 గ్లాసుల ఐస్ టీ తాగిన ఒక అమెరికన్‌కు ఆక్సలేట్ పేరుకుని కిడ్నీలు దెబ్బతిన్న సంగతి 2015లో వైద్యపత్రికలో వచ్చింది. మితంగా తాగేవాళ్లలో రాళ్లు కాస్త తక్కువని చెప్పే పరిశీలనలూ ఉన్నాయి. అది ఆకు మహిమా, కడుపులోకి పోయిన నీటి మహిమా అన్నది తేల్చడం అంత సులువు కాదు. 2005లో అమెరికా ఆహార ఔషధ సంస్థ, గ్రీన్ టీ రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ల ముప్పు తగ్గించే అవకాశం బహు తక్కువని తేల్చింది. అయినా అట్టపెట్టె మీద “యాంటీ ఆక్సిడెంట్” అన్న మాట మెరుస్తూనే ఉంది. కడుపు శుభ్రం అన్నచోట ఈ మాట వచ్చింది, అంతే తేడా.

మందు మాట పక్కనపెట్టి రుచి మాటకు వద్దాం. ఒకే తోట ఆకుతో చేసిన బ్లాక్ టీ అని ఇప్పుడు ఎక్కువ ధర పెట్టి అమ్ముతున్నారు. దానికి అర్థం లేకపోలేదు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగలనిస్తే అందులోని కాటెకిన్లు థియాఫ్లేవిన్లుగా, థియారూబిజిన్లుగా మారతాయి. నలుపూ వగరూ వాటివే. తోట ఎత్తు, కోసిన నెల, గాలి తగలనిచ్చిన సమయం మారితే రుచీ మారుతుంది. ఇక్కడ లింబాయత్‌లో మన తెలంగాణ నేతకార్మికులు మగ్గాల మధ్య తాగే చాయ్‌లో మాత్రం ఈ తేడాలకు చోటు లేదు. అది 1930ల్లో అస్సాంలో పుట్టిన సి.టి.సి. యంత్రం గుండ్రటి పలుకులు. పాలలో మరిగినా రంగు దిగడమే దానికి కావాలి. పన్నెండు గంటల షిఫ్టుకు అదే సరి, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ తేడా ఉందని అమ్మేవాడు చెబితే సరిపోతుందా? కాచే పద్ధతికి 1980 నాటి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, ఐ.ఎస్.ఓ. 3103. వంద మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరిగే నీరు, 6 నిమిషాలు. దీనికి మాతృక అయిన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ ఇచ్చి నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, కప్పులన్నీ ఒకే తీరున కాయకపోతే పోలిక ఎలా? ఇక పరీక్షించే పద్ధతి రోనాల్డ్ ఫిషర్ ఇచ్చాడు. పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచితో చెప్పగలనని మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త అంటే, నాలుగు ఇవీ నాలుగు అవీ కలిపి ఎనిమిది కప్పులు అన్న లెక్క అతనిది. 1935లో పుస్తకంలోకి ఎక్కించాడు. ఊరకే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1.

సూరత్‌లో మేం ముగ్గురం అదే చేశాం. ఒక డార్జిలింగ్ తోట ఆకు, ఒక కలగలుపు ఆకు. పాలు లేవు, చక్కెర లేదు. రంగు తేడా తెలియకుండా స్టీలు గ్లాసులు. ఏ గ్లాసులో ఏముందో మాకు తెలియదు, పోసినవాడు పక్క గదిలోనే ఉండిపోయాడు. ఒకాయన ఎనిమిదీ సరిగ్గా చెప్పాడు. నేను ఆరు చెప్పాను. సంతోషించే లోపల లెక్క వేస్తే, ఆరు గాని అంతకన్నా ఎక్కువ గాని గుడ్డిగా తగిలే అవకాశం 70లో 17. అంటే నాకు తేడా తెలుస్తుందని ఇంకా రుజువు కాలేదు. మూడో మిత్రుడు నాలుగు చెప్పి, ఈ చేదునీళ్లు ఎవడికి కావాలని కిందికెళ్లి పాల చాయ్ చెప్పొచ్చాడు. వచ్చే ఆదివారం ఇంకో ఎనిమిది గ్లాసులు పెడుతున్నాం. ఈసారి రెండూ తోట ఆకులే, ఒకటి వసంతంలో కోసింది, ఒకటి వేసవిలో కోసింది.