వరాహ లాంఛనము మొదలు సిమెంటు దొడ్డి వరకు

ఇట్టి సంచికలయందు సంగీతమును గూర్చియు, దేవాలయ శిల్పమును గూర్చియు వ్రాయుట పరిపాటి. పందుల పెంపకమును గూర్చి వ్రాసితిమేని కొందరు ముక్కు మూసికొందురని మే మెరుగుదుము. మేము పశువైద్యులము కాము. జీవితమంతయు దస్త్రములు త్రిప్పిన గుమాస్తాలము. అయినను ఆంధ్రుల చరిత్రలో ఈ జంతువునకు గల స్థానము చిన్నది కాదు. చెప్పువారు తక్కువగుటచే ఈ ప్రయత్నము చేయుచున్నాము.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనముల ముద్రలపై వరాహము కానవచ్చును. విజయనగర ప్రభువుల రాజలాంఛనమును వరాహమే. వారి బంగారు నాణెమునకు వరహా యని పేరు నిలిచినది. మన పూర్వులు కట్నములను, కౌళ్ళను ఆ వరహాలలోనే లెక్కించిరి. ఇంత గౌరవము పొందిన జంతువును మేపువారికి మాత్రము ఊరిలో చోటు లేకపోయెను.

తెలుగునాట పందుల పెంపకము ముఖ్యముగ ఎరుకలవారి వృత్తి. బుట్టలల్లుట, సోది చెప్పుట, ఉప్పును ధాన్యమును పశువులపై వేసికొని ఊరూర అమ్ముట కూడ వారి జీవనోపాధులుగ నుండెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపగా వీరిలో పెక్కురు పోలీసు పద్దుల కెక్కిరి. 1913లో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో బాపట్ల సమీపమున స్టూవర్టుపురము వెలసినది. దేశమంతట ఆ చట్టము రద్దగుట 1952లో. పుట్టుకతోడనే దొంగ యను ముద్రపడిన కుటుంబమునకు అప్పిచ్చువా డెవ్వడు? వాకిట తిరుగు పందియే వారి బ్యాంకు. పెండ్లి వచ్చినను, జబ్బు వచ్చినను ఒకదానిని అమ్మి గట్టెక్కెడివారు.

ఆ పంది తెల్లవారగనే వీధిన పడి దొరికినది తిని, సాయంకాలమునకు ఇల్లు చేరును. దాని కడుపులోనికి మనుష్యుల మలమును పోవుటచే బద్దెపురుగు గ్రుడ్లు చేరి, మాంసమున తిత్తులు ఏర్పడును. సరిగ ఉడుకని ఆ మాంసము తిన్నవాని ప్రేగులలో పురుగు పెరుగును. ఆ పురుగు గ్రుడ్లు నీటిద్వారమునగాని కూరలద్వారమునగాని మరియొకని కడుపు చేరినచో మెదడున తిత్తులు కట్టి మూర్ఛలు వచ్చుటయు కలదు. శాకాహారికిని ఈ ముప్పు తప్పదు. ఇందు పంది చేసిన తప్పేమున్నది? మరుగుదొడ్లు లేని ఊరిది తప్పు.

వ్యాపార పద్ధతి పెంపకము మన ప్రాంతమున వేరూనుట స్వాతంత్ర్యానంతరమే. 1903లో మన నగరమున వెలసిన పశువైద్య కళాశాల దక్షిణ దేశమున ఈ విద్యకు పుట్టినిల్లు. ఆంధ్రదేశపు కళాశాల 1955లో బాపట్లలో ఆరంభమై పిమ్మట తిరుపతి చేరెను. పంచవర్ష ప్రణాళికల కాలమున గన్నవరమున పందుల కేంద్రమును, బేకన్ కర్మాగారమును నెలకొల్పిరి. 1970-71లో అఖిలభారత పరిశోధన పథకము ఆరంభమైనపుడు తిరుపతియు అందొక స్థానము. ఇంగ్లండునుండి వచ్చిన తెల్లని యార్క్‌షైర్ జాతి ఇట్లు మన నాట స్థిరపడినది. తవుడు, మొక్కజొన్న, తెలగపిండి, చేపపొడి కలిపిన దాణాలో పిల్లలకు నూటికి 18 నుండి 20 పాళ్ళు మాంసకృత్తు లుండవలెననియు, ఎదిగినవానికి 14 నుండి 16 చాలుననియు లెక్కలు కట్టిరి.

దాణా ఖరీదు భరింపలేనివారు హోటళ్ళలోను, కల్యాణ మండపములలోను మిగిలిన అన్నమును పీపాలతో తెచ్చి పెట్టుదురు. చెన్ననగర శివారు దొడ్లలో ఇది సర్వసాధారణము. దానిని బాగుగ కాచనిచో రోగములు చేరును. 2020లో అస్సాము, అరుణాచల్ ప్రాంతములలో తొలిసారి మన దేశమున కనబడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఎంగిలి మేతద్వారమునను వ్యాపించును. 90 డిగ్రీల వేడిని గంటసేపు, కలియబెట్టుచు కాచవలెనని శాస్త్రజ్ఞుల మాట.

మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది ఇనుము సంగతి. సిమెంటు నేల వేసి దొడ్డి శుభ్రము చేయగనే, పాలు త్రాగు పిల్లలు రెండు మూడు వారములలో పాలిపోయి, రొప్పుచు చచ్చుట మొదలిడెను. పిల్లకు దినమునకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. తల్లిపాలలో దొరకునది 1 మిల్లీగ్రాము మాత్రమే. ఇనుము లోపమే ఈ పాండురోగమునకు మూలమని 1923లో స్కాట్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నేడు పుట్టిన మూడు దినములలో సూదిమందు నిత్తురు. ఎరుకలవారి పిల్లలకు ఈ సూది అక్కరలేకపోయెను. అవి మట్టిని త్రవ్వి తినుచుండెను!

బురదయు అట్టిదే. పందికి చెమట పట్టి ఒడలు చల్లబడు వీలు లేదు. బురద పూసికొని వేడిని తగ్గించుకొనును. దానిని మనము మురికితన మందుము. ఇరుకు కొట్టములలో చూలుపందులు తిరుగుటకైనను వీలులేక నిలబడుట విదేశములలో చర్చనీయాంశమై, ఇంగ్లండున 1999లో అట్టి కొట్టములను నిషేధించిరి. మూగజీవుల బాధను మన దేశమున చట్టసభ కెక్కించినది కళాక్షేత్రపు రుక్మిణీదేవి అరండేల్ గారు. ఆమె కృషి ఫలితముగ 1960లో చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ కార్యాలయము 2018లో హర్యానా చేరువరకు మన నగరముననే యుండెను.

ఇక మెదడువాపు వ్యాధి. మన దేశమున ఇది 1955లో వెల్లూరు ప్రాంతమున గుర్తింపబడెను. 1999లో ఆంధ్రప్రదేశమున పెక్కుమంది పిల్లలను పొట్టనబెట్టుకొన్నది. వరిచేల నీటిలో పెరుగు దోమ కొంగలనుండియు, పందులనుండియు వైరసును గ్రహించి మనుష్యునికి అంటించును. పంది రక్తమున అది విశేషముగ వృద్ధిపొందును గావున పందులను ఊరికి దూరముగ నుంచుమనుట సబబే. దేశమున 2006 నుండి పిల్లలకు టీకాలును వేయుచున్నారు. కాని కొంగను ఎవ్వరు తప్పుపట్టిరి? తరిమివేయబడిన పందితో ఎరుకల కుటుంబపు పొదుపు పోయెను. శాస్త్రము పందిని దొడ్డిలో కట్టి, మంచి మేత పెట్టి, టీకాలు వేయించి పెంచుమనుచున్నది. దొడ్డికి నేల కావలెను, నీరు కావలెను, పట్టా చూపిన గాని రాని ఋణము కావలెను. తరతరములుగ ఆ పని తెలిసినవారిలో పెక్కురకు సెంటు భూమియు లేదు.