జటామాంసి: విస్తరణ ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లేనా?

“ఒక మొక్క పలు దేశాల్లో సహజంగా పెరుగుతోంది కాబట్టి దానికి ముప్పు లేదు.” ప్రిలిమ్స్‌లో ఇలాంటి వాక్యం కనిపిస్తే తొందరపడి టిక్ పెట్టకండి. అది తప్పని చెప్పడానికి జటామాంసి ఒక్కటి చాలు.

ఇది గులాబీ రంగు పూలు పూసే చిన్న మొక్క. భారత్, నేపాల్, భూటాన్ హిమాలయాల నుంచి నైరుతి చైనా వరకు, సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. దాని విలువంతా సువాసన గల వేరు భాగంలోనే ఉంది. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. అసలు సమస్య ఇక్కడే మొదలైంది.

ఈ వేరుకు గిరాకీ కొత్తది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దపు ‘పెరిప్లస్’ దీన్ని ‘నార్దు’ పేరుతో ఎగుమతి సరుకుల్లో చేర్చింది. ముజిరిస్ నుంచి బయలుదేరిన హెర్మాపోలాన్ అనే ఓడలో గంగా ప్రాంతపు నార్దు 60 పెట్టెలు ఉన్నాయని 2వ శతాబ్దపు ముజిరిస్ పపైరస్ చెబుతోంది. మార్కు సువార్తలో యేసు తలపై పోసిన అత్తరు 300 దేనారాలకు పైగా విలువైనది. ఆ అత్తరుకు తెలుగు బైబిల్ వాడిన మాట కూడా జటామాంసే. గ్రీకుల నార్దు, మన జటామాంసి ఒకటేనని విలియం జోన్స్ 18వ శతాబ్దం చివర ‘ఏషియాటిక్ రీసెర్చెస్’లో వాదించాడు.

ఇక వర్తమానానికి వద్దాం. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ 2015లో దీన్ని ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’గా ప్రకటించింది. ఇంత విస్తారంగా ఉన్న మొక్కకు ఆ స్థాయి ఎలా వచ్చింది? రెడ్ లిస్ట్‌కు ఐదు ప్రమాణాలున్నాయి, వాటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలు. విస్తరణ ప్రాంతాన్ని కొలిచేది ‘బి’ ప్రమాణం. ఈ స్థాయికి ఆ ప్రాంతం 100 చదరపు కిలోమీటర్లలోపు ఉండాలి, మరికొన్ని షరతులూ ఉంటాయి. జటామాంసి జాబితాకెక్కింది ‘ఎ’ ప్రమాణం కింద, అంటే సంఖ్య పడిపోయిన వేగం ఆధారంగా. కారణాలు ఇంకా కొనసాగుతున్నప్పుడు పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, కనీసం 80 శాతం తగ్గుదల ఉండాలి. పటం మీద విస్తీర్ణం మారకపోయినా లోపల మొక్కలు పలచబడిపోవచ్చన్నమాట.

చట్టపరంగా చూస్తే, ఇది 1997 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అంటే వ్యాపారం నిషేధం కాదు, అనుమతి పత్రంతో నియంత్రణ. చిల్లర అమ్మకానికి సిద్ధంగా ప్యాక్ చేసిన ఉత్పత్తులకు అందులో మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని పాత ఆరో షెడ్యూల్ మొక్కల్లో కుష్ఠకు చోటు దక్కింది కానీ జటామాంసికి దక్కలేదు. 2022 సవరణ సైటిస్ జాతుల కోసం నాలుగో షెడ్యూల్ తెచ్చి ఆ లోటు పూడ్చింది.

మెయిన్స్ జవాబులో మాత్రం చట్టాల దగ్గరే ఆగకండి. నేపాల్‌లోని జుమ్లా, హుమ్లా వంటి కొండ జిల్లాల పేద కుటుంబాలకు ఈ వేరు చేతికి నగదు ఇచ్చే కొద్ది సరుకుల్లో ఒకటి. పూర్తిగా నిషేధిస్తే వారి పొయ్యి ఆరిపోతుంది, దొంగ రవాణా పెరుగుతుంది. విత్తనం రాలాకే తవ్వడం, కొన్ని మొక్కల్ని వదిలేయడం, కొండవాలులను వంతులవారీగా విడిచిపెట్టడం, సాగును ప్రోత్సహించడం: ఇవి వారితో కలిసి చేయాల్సిన పనులు. రెండు వేల ఏళ్ల గిరాకీని తట్టుకున్న మొక్క మన తరంలో మిగులుతుందా లేదా అన్నది తవ్వే చేతులకు దక్కే వాటాను బట్టే ఉంటుంది.