గొంతు వినిపించడం కోసం: చిన్న క్లబ్బుల్లో సౌండ్ నిర్వహణ చరిత్ర

రెండు మూడు వందల మందికి మించి పట్టని క్లబ్బుల్లో, పబ్బుల్లో, నేలమాళిగల్లో బ్యాండు వాయిస్తున్నప్పుడు శ్రోతల చెవికి చేరే ధ్వనిని తూచి సరిచేసే పని ఇంగ్లండు, అమెరికాలలో 1960, 1970 దశకాల మధ్య ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది. ఇది శబ్దాన్ని పెంచే పని అన్న అభిప్రాయం సర్వత్రా ఉన్నా, దాని పుట్టుకను, ఎదుగుదలను పరిశీలిస్తే అసలు సమస్య వేరని తేలుతుంది. చిన్న గదిని డ్రమ్ములు ఏ యంత్ర సహాయమూ లేకుండానే నింపేస్తాయి, గిటారుకు సొంత యాంప్లిఫయర్ ఉంటుంది, పాడేవారి గొంతుకు మాత్రమే అలాంటి ఆసరా లేదు. అందువల్ల ఈ వృత్తి చరిత్ర ప్రధానంగా వాద్యాల హోరులో మునిగిపోయే గొంతును పైకి తేవడానికి సాగిన ప్రయత్నాల చరిత్ర.

ఈ ప్రయత్నానికి కావలసిన పరికరాలు వృత్తి కంటే చాలా ముందే పుట్టాయి. డెన్మార్క్‌లో జన్మించిన పీటర్ జెన్సెన్, అమెరికన్ ఇంజినీరు ఎడ్విన్ ప్రిడమ్ కలిసి రూపొందించిన మాగ్నవాక్స్ లౌడ్‌స్పీకరు 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద జనసమూహానికి సంగీతం వినిపించింది. అయితే మైకు, స్పీకరు ఒకేచోట ఉన్నప్పుడు స్పీకరులోంచి వెలువడిన ధ్వని తిరిగి మైకులోకి చేరి, అక్కడినుంచి మరింత పెరిగి మళ్లీ స్పీకరులోంచి వచ్చి, చివరికి చెవులు చిల్లులు పడే కూతగా మారుతుంది. ఫీడ్‌బ్యాక్ అని పిలిచే ఈ కూతే గొంతును ఎంతవరకు పెంచవచ్చో నిర్ణయించే హద్దు. 1939లో షూర్ సంస్థలో బెంజమిన్ బావర్ రూపొందించిన యూనిడైన్ మైకు ముందువైపు ధ్వనిని బాగా గ్రహించి వెనుకవైపు ధ్వనిని చాలావరకు వదిలివేసేది కనుక, ఆ హద్దును కొంత వెనక్కి నెట్టగలిగింది.

ఈలోగా వాద్యాల బలం గొంతును మించి పెరిగిపోయింది. లివర్‌పూల్ మాథ్యూ వీధిలో 1957 జనవరిలో జాజ్ సంగీతం కోసం తెరిచిన కేవర్న్ క్లబ్బు, మూడు ఇటుక కమానుల కింద ఉన్న ఇరుకైన నేలమాళిగ. 1961 నుంచి 1963 వరకు బీటిల్స్ బృందం దాదాపు 290 సార్లు వాయించినది అక్కడే. అలాంటి గదికి వాక్స్ ఏసీ30 వంటి 30 వాట్ల గిటారు యాంప్లిఫయర్ సరిపోయి ఇంకా మిగులుతుంది. 1965 నాటికి ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ వంటి గిటారిస్టుల కోరిక మేరకు మార్షల్ సంస్థ 100 వాట్ల యాంప్లిఫయర్లను తయారుచేసింది. గిటారు శక్తి మూడింతలకు పెరిగిన ఆ కాలంలో గొంతుకు దక్కినది చాలాచోట్ల ప్రసంగాలకు ఉద్దేశించిన సన్నపాటి స్పీకర్లే కావడంతో, పాట మాటలు ముందు వరుసలకు కూడా స్పష్టంగా అందేవి కావు.

ఈ అంతరాన్ని పూడ్చే పరికరాలు రెండేళ్ల వ్యవధిలో వరుసగా వచ్చాయి. 1966లో వెలువడిన షూర్ ఎస్ఎం58 మైకును స్టూడియో ప్రసారాల కోసం ఉద్దేశించినా, గుండ్రని జాలీ తలతో, మొరటు వాడకాన్ని తట్టుకునే దృఢత్వంతో అది క్లబ్బు వేదికలకే అంకితమైంది. 1967లో వచ్చిన షూర్ వోకల్ మాస్టర్‌లో ఆరు మైకులను కలిపే మిక్సర్, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఇమిడి ఉండగా, నిలువుగా పేర్చిన స్తంభాకార స్పీకర్లు ధ్వనిని పైకప్పుకు, నేలకు చిందించకుండా జనం వైపు మళ్లించేవి. అదే ఏడాది ఇంగ్లండులోని విండ్సర్ ఉత్సవంలో చార్లీ వాట్కిన్స్ అనేక యాంప్లిఫయర్లను ఒకదానికొకటి జోడించి 1000 వాట్ల సామర్థ్యాన్ని సాధించారు.

అయినా వృత్తి పుట్టుకకు వాట్ల కంటే ముఖ్యమైనది మిక్సర్ స్థానం మారడం. తొలినాళ్లలో మిక్సర్ వేదిక మీదే, గాయకుడి చేతికందే దూరంలో ఉండేది కనుక, దాన్ని సరిచేసే మనిషికి స్పీకర్ల వెనుకనుంచి వినిపించేదే తప్ప శ్రోతలకు ఏం వినిపిస్తోందో తెలిసే వీలు లేదు. అనేక మైకు తీగలను ఒకే లావుపాటి కేబులులో కూర్చిన మల్టీకోర్ వాడుకలోకి వచ్చాక మిక్సర్ జనం మధ్యకు తరలింది; వాయించేవారు కాకుండా వినేవారి స్థానంలో నిలబడి తీర్పు చెప్పే మరో మనిషి అవసరమయ్యాడు. గాయకులకు తమ గొంతు తమకే వినిపించడానికి వేదిక అంచున ఏటవాలుగా పెట్టే మానిటర్ స్పీకర్లూ ఈ కాలంలోనే వ్యాపించాయి, కానీ అవి మైకుకు అతి దగ్గరగా ఉండటంతో కూత ప్రమాదాన్ని మళ్లీ పెంచాయి.

ఈ మనిషి ఎదుర్కొన్న పెద్ద చిక్కు గది. హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సాబిన్ 1890లలోనే ఒక ఉపన్యాస గదిలో కుర్చీల మెత్తలను పెంచుతూ తగ్గిస్తూ ప్రయోగాలు చేసి, మెత్తని వస్తువులు, మనుషుల శరీరాలు ధ్వనిని పీల్చుకుని మారుమోతను తగ్గిస్తాయని లెక్కలతో నిరూపించారు. ఖాళీ క్లబ్బులో సాయంత్రం చేసే సౌండ్ చెక్ రాత్రి జనం నిండాక చెల్లకపోవడానికి కారణం ఇదే. పైగా 50 హెర్ట్జ్ మంద్రస్వరపు తరంగం దాదాపు 7 మీటర్ల పొడవు ఉంటుంది. గది కొలతలు ఆ పొడవుకు చేరువగా ఉన్నప్పుడు బేస్ గిటారు కొన్ని మూలల్లో గుమ్మని మోగి, మరికొన్ని చోట్ల మాయమవుతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ బోనర్ 1960లలో గది అతిగా మోగే స్వరాలను ఇరుకైన ఫిల్టర్లతో తగ్గించే పద్ధతిని అభివృద్ధి చేశారు. శ్రవణ పరిధిని 31 పట్టీలుగా విభజించి ఒక్కొక్కదాన్ని వేరుగా తగ్గించగలిగే గ్రాఫిక్ ఈక్వలైజర్ తరువాతి కాలంలో క్లబ్బుల్లో సాధారణ పరికరమైంది.

ఈ అనుభవాలన్నీ కలిసి చిన్న గదికి ఒక నియమాన్ని నేర్పాయి. డ్రమ్ములు మైకు లేకుండానే 100 డెసిబెళ్లను దాటగలవు కనుక కచేరీ కనీస స్థాయిని నిర్ణయించేవి అవే. గొంతు వాటి పైన నిలవాలి, ఆ పైమెట్టు ఫీడ్‌బ్యాక్ హద్దుకు లోపల ఉండాలి. ఆ రెండింటి మధ్య చోటు చాలనప్పుడు గొంతును ఇంకా పెంచడం సాధ్యం కాదు కాబట్టి, గిటారు యాంప్లిఫయర్‌ను తగ్గించమనడం, దాన్ని పక్కకు తిప్పమనడం, డ్రమ్మరును మృదువుగా వాయించమని ఒప్పించడం ఈ వృత్తిలో అసలైన విద్య అయ్యాయి. న్యూయార్క్‌లో 1973లో హిల్లీ క్రిస్టల్ తెరిచి 2006 వరకు నడిచిన సీబీజీబీ, పంక్ సంగీతపు పుట్టిల్లుగానే కాక, పొడవాటి ఇరుకు గదిలోనూ మంచి సౌండ్ సాధ్యమేనని చూపిన క్లబ్బుగా పేరు తెచ్చుకుంది.

తరువాతి దశాబ్దాలలో పరికరాలు చవకయ్యాయి. 1990ల తొలినాళ్లలో మాకీ సంస్థ తెచ్చిన చిన్న మిక్సర్లు, 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 డిజిటల్ మిక్సర్, ఒకప్పుడు భారీ పర్యటనలకే దక్కిన సౌకర్యాలను పబ్బుల స్థాయికి దించాయి. టాబ్లెట్ చేతబట్టి గదంతా తిరుగుతూ సరిచేయడం సాధ్యమైంది. మరోవైపు బ్రిటన్ 2005 నాటి ధ్వని నియంత్రణ నిబంధనలను 2008 ఏప్రిల్ నుంచి సంగీత రంగానికీ వర్తింపజేసి, ఉద్యోగుల చెవికి సోకే సగటు ధ్వనికి 87 డెసిబెళ్ల హద్దు విధించడంతో తగ్గించే నేర్పుకు చట్టం బలం తోడైంది. ఎన్ని మీటలు పెరిగినా ఏ స్వరాన్ని తగ్గించాలో చెప్పేది ఇప్పటికీ జనం మధ్య నిలబడి వినే చెవే. ఈ సత్యాన్ని సంగీత చరిత్రకారులు గుర్తించి, పాడినవారి పేర్ల సరసన పాటను జనానికి అందించినవారి పనిని కూడా నమోదు చేయడం న్యాయం.